దానాల గ్రూపు పెట్టి ఏడాది దాటింది, మీటింగుకి నలుగురం మిగిలాం. ఎక్కడ తప్పు చేశాం?

గౌతమి_గట్టు
పోయిన ఏడాది సంక్రాంతికి ఊరొచ్చిన స్నేహితులం కూర్చుని ఒక గ్రూపు పెట్టాం, అందరం అమలాపురం చుట్టుపక్కల వాళ్లమే. గుడికో బడికో ఎవరి ఆపరేషన్‌కో ఏటా ఎంతో కొంత ఇస్తూనే ఉంటాం కదా, ఆ ఇచ్చేదేదో ఎక్కడ ఇస్తే ఎక్కువ మందికి అక్కరకొస్తుందో చూసుకుని ఇద్దాం, సంపాదనలో నెలకి ఒక శాతం పక్కన పెడదాం అనుకున్నాం. మొదటి మీటింగుకి ఇరవై ముగ్గురు వచ్చారు. నేను రెండు రాత్రులు మేలుకుని స్లైడ్లు చేశాను. సంపాదనలో పదో వంతు ఇస్తామని మాట తీసుకునే సంస్థని ఆక్స్‌ఫర్డ్‌లో టోబీ ఆర్డ్ అనే ఆయన 2009లో ఎలా మొదలుపెట్టాడో, అమెరికాలో గివ్‌వెల్ వాళ్లు 2007 నుంచి ఏ సంస్థకి ఇస్తే ఒక ప్రాణం నిలబెట్టడానికి ఎంత ఖర్చవుతుందో ఎలా లెక్క కడుతున్నారో అన్నీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. రెండో నెల పద్నాలుగు మంది. ఇప్పుడు వాట్సాప్‌లో నూట ఎనభై మంది ఉన్నారు, పొద్దున్నే గులాబీ పువ్వుల గుడ్ మార్నింగులు వస్తాయి. పోయిన ఆదివారం హోటల్ మేడ మీద హాలు తీసుకుంటే నలుగురం ఉన్నాం, అందులో ఒకడు టీ ఇచ్చే కుర్రాడు.

డబ్బు రాలేదని కాదు. 1,86,000 వచ్చింది, ఎవరికివ్వాలో తేల్చుకోలేక అందులో 1,10,000 ఇంకా బ్యాంకులోనే మూలుగుతోంది. మనుషులే నిలవట్లేదు. ఇలాంటివి నడిపిన వాళ్లుంటే చెప్పండి, తిట్టినా పర్లేదు.

పులస_ప్రియుడు
టీ పెడితే నలుగురే వస్తారు. ఆగస్టులో పులస పులుసు అనండి, హాలు చాలదు.

గౌతమి_గట్టు
ఒక్క పులసకే ఖాతా ఖాళీ అయిపోద్దండి బాబూ.

లంకరైతు
నెలకి ఒక శాతం అన్నప్పుడే మా బోటి వాళ్లని గట్టు మీద వదిలేశారు. నాకు నెల జీతం ఎక్కడిది? ఎకరంన్నర కొబ్బరి, నలభై అయిదు రోజులకో రెండు నెలలకో దింపు. ధర ఉంటే అమ్ముతాం, లేకపోతే రాశి పోసి దాని ముందు కూర్చుంటాం. మా తాత రోజుల్లో కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడే మేర తీసి పక్కన పెట్టేవారు, ఇంటికొచ్చాక ఆలోచిద్దాం అనుకునేవారు కాదు. దింపుకి వంద కాయలు అనండి, ఇచ్చేస్తాను. శాతాలంటే కాలిక్యులేటర్ వెతుక్కోవాలి.

తాటి_తాండ్ర
మేర దానం కాదు రైతుగారూ, ఊళ్లో పని చేసినవాళ్ల కూలి. దాన్ని దానంలో కలపకండి. కానీ ముందే తీసి పక్కన పెట్టడమన్నది మాత్రం కరెక్టు.

రొయ్యల_చెరువు
మాకైతే పట్టుబడికి ఇంత అనాలి. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) బాగా వచ్చిన రోజు అడిగితే చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది. వైరస్ తగిలిన ఏడాది మాత్రం మీ గ్రూపే నాకివ్వాలి ఆయ్.

రిటైర్డు_మాస్టారు
మా ఊరి చెరువు గట్టు మీద ఒక ఆర్ఓ ప్లాంటు ఉంది. ఊరి నుంచి అమెరికా వెళ్లిన ఒకాయన వాళ్ల నాన్నగారి పేరు మీద కట్టించారు. సముద్రానికి దగ్గర ఊరు, బోరు వేస్తే ఉప్పు, చుట్టూ రొయ్యల చెరువులు, వేసవిలో కాలవలు కట్టేశాక మంచినీళ్ల చెరువు పచ్చబడిపోతుంది. కాబట్టి ప్లాంటు అవసరమే, నేను కాదనను. ప్రారంభోత్సవానికి షామియానా వేశారు, నల్ల గ్రానైటు శిలాఫలకం పెట్టారు, ఊరంతటికీ పులిహోర పంచారు. పద్నాలుగు నెలలు నడిచింది. తర్వాత నీళ్లు వడకట్టే మెంబ్రేన్లు పూడిపోయాయి, మార్చాలంటే ముప్పై వేలన్నారు. ఆయనకి నేనే ఫోన్ చేశాను. చాలా మంచి మనిషి. "మాస్టారూ, కావాలంటే రామాలయం వీధిలో ఇంకో ప్లాంటు పెట్టిస్తాను గానీ, రిపేరుకిస్తే ఏమని రాయిస్తారు చెప్పండి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు ఆ శిలాఫలకం ముందు అరుగు మీద పక్కింటావిడ వడియాలు పెడుతోంది, అక్కడ ఎండ బాగా తగులుతుందట.

గౌతమి గారూ, మీ స్లైడ్లలో తప్పేమీ లేదు. కానీ ఎక్కడో ప్రాణం నిలబెట్టే ఖర్చు లెక్క చూసి చప్పట్లు కొట్టినవాడికి ఇంటికెళ్లాక చేయడానికి పనేముంది? ఇలాంటి షెడ్లు మన మండలంలో ఎన్ని మూతపడ్డాయో పదిమందిని వెంటేసుకుని తిరిగి చూసి రండి. ఆ తిరుగుడికి మనుషులు వస్తారు.

చిన్నకాలవ
మా ఊళ్లో ఇలాంటివి రెండున్నాయి మాస్టారూ. ఒకదానికైతే కరెంటు బిల్లు కట్టలేదని ఫ్యూజు పీకేశారు.

భీమారం_బుల్లోడు
దానానికి లెక్కలేంటండీ అసలు? కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదన్నారు పెద్దలు. డొక్కా సీతమ్మ గారు ఒక విస్తరికి ఎంత పడింది, ఎంతమంది బతికారు అని షీటు వేసుకుని వడ్డించారా? ఆకలన్నవాడికి అన్నం పెట్టారు, అంతే. మీరు దాన్ని ఆఫీసు పని చేసేస్తున్నారు, అందుకే జనం పారిపోతున్నారు.

తాటి_తాండ్ర
సీతమ్మ గారి పేరు ఎత్తారు కాబట్టి నేనూ ఎత్తుతాను. ఆవిడ (1841–1909) అన్నం పెట్టింది ఎక్కడ? లంకల గన్నవరంలో, గోదావరి పాయ దాటి వచ్చిపోయే బాటసారులు ఆగే చోట. అప్పట్లో ఇంకో పూటకూడు దొరకని దారి అది. సరిగ్గా ఎక్కడ అవసరమో అక్కడే వండారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి, ఆకలితో వస్తున్న పెళ్లివారి మాటలు చెవిన పడి, వాళ్లకి వండి పెట్టడానికి దారిలోంచే వెనక్కి తిరిగారని మన వైపు చెప్పుకుంటారు. ఉన్న ఒక్కరోజు యాత్రకి వాడాలా వంటకి వాడాలా అని ఆవిడ తేల్చుకున్నారు. దాన్ని మీరేమన్నా అనండి, నేనైతే లెక్కే అంటాను.

భీమారం_బుల్లోడు
ఆవిడది మనసండీ, లెక్క కాదు. అయినా మీతో వాదించలేను.

రొయ్యల_చెరువు
బుల్లోడన్నా వాదించలేనన్నాడంటే ఇవాళ తేదీ రాసిపెట్టుకోండి.

కువైట్_కబుర్లు
మాస్టారు శిలాఫలకం మీద బాగానే చెప్పారు గానీ మా వైపు నుంచి కూడా చూడాలి. పదకొండేళ్లుగా ఇక్కడ డ్రైవరుని, గదిలో ఆరుగురం. ఊళ్లో గుడికి అయిదు వేలు పంపితే ఫ్లెక్సీ మీద నా ఫోటో పడుతుంది, అమ్మ దాన్ని ఫోన్‌లో పెట్టుకుని చుట్టాలందరికీ చూపించుకుంటుంది. అదొక్కటీ తీసేసి, నీ డబ్బు ఎవరికో తెలియనివాడికి బాగా ఉపయోగపడిందిలే అంటే, ఉపయోగపడిందేమో గానీ అమ్మ మాత్రం మురవదు కదా. మనిషికి ఆ మాత్రం ఆశ ఉంటుంది. గ్రూపులో దానికి చోటు పెట్టకపోతే మా గల్ఫు వాళ్లెవరూ రారు.

ఇంకో సంగతి. ఒక బాబు గుండె ఆపరేషన్‌కని వాట్సాప్‌లో వస్తే పది వేలు పంపాను. తర్వాత ఆ నంబరుకి చేస్తే తండ్రే ఎత్తాడు. "అన్నా, ఆ మెసేజీ మూడేళ్ల కిందటిది, బాబు ఇప్పుడు రెండో తరగతి చదువుతున్నాడు" అన్నాడు. డబ్బు తిరిగి పంపేశాడు, అది వేరే విషయం. అప్పట్నుంచి నాకూ ఎవరైనా ముందు చూసి చెబితే బాగుణ్ణు అనిపిస్తుంది.

లెక్కల_పిచ్చి
కువైట్ గారి పోస్టు చూశాక చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, బోరు కొడితే దాటేయండి. గౌతమి గారూ, ఆ డబ్బు ఎవరి ఖాతాలో ఉంది? మీ సొంత ఖాతాలో అయితే ముందు ఆ పని చూడండి. ఏడుగురుంటే చాలు, 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. దానానికి పన్ను మినహాయింపు వస్తుందని జనానికి ఆశ పెట్టకండి, దాని అనుమతి సంస్థకి విడిగా తెచ్చుకోవాలి, పైగా కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపే లేదు, పాత విధానంలో ఉన్నవాళ్లకి కూడా రెండు వేలు దాటి నగదుగా ఇస్తే చెల్లదు. విదేశాల నుంచి వచ్చేది ఇంకా జాగ్రత్త. కువైట్‌లో ఉన్నా చేతిలో ఇండియా పాస్‌పోర్టే ఉండి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బావగారు పంపితే మాత్రం విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే. దానికి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి కావాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి ఇవ్వడానికీ లేదు. మీ బోటి చిన్న గ్రూపు దాని జోలికి పోకపోవడమే మంచిది.

గౌతమి_గట్టు
నా ఖాతాలోనే ఉంది. చెమటలు పట్టాయి.

లెక్కల_పిచ్చి
టెన్షన్ వద్దు. ఎవరెవరు ఎంతిచ్చారో రాసి ఉందా లేదా?

గౌతమి_గట్టు
రూపాయితో సహా రాసి ఉంది.

డ్వాక్రా_పుస్తకం
ఇంతమంది ఇన్ని చెప్పారు, మీటింగు ఎప్పుడు ఎక్కడ అన్నది ఎవ్వరూ అడగలేదు. ఆదివారం సాయంత్రం, టౌన్లో, హోటల్ మేడ మీద. ఆ టైములో ఏ ఆడమనిషి వస్తుందండీ? మా గ్రూపు 2003లో పెట్టాం, పదిమందిమి, ఇప్పటికీ తొమ్మిదిమందిమి ఉన్నాం, ఒకావిడ కాలం చేసింది. ప్రతి నెలా అయిదో తారీఖు మధ్యాహ్నం రెండింటికి, వంతులవారీగా ఒక్కొక్కరి అరుగు మీద. ఆలస్యమైతే పది రూపాయలు ఫైను. కూర్చోగానే పోయిన నెల పుస్తకం పైకి చదవాలి, ఎవరెంత కట్టారు, ఎవరికి అప్పిచ్చాం, ఎంత తిరిగొచ్చింది అని. చదువు రాని వాళ్లు కూడా చెవులు రిక్కించి వింటారు, ఎందుకంటే అందులో వాళ్ల పేరు ఉంటుంది. మీ నూట ఎనభై మందికి తమ పేరు వినపడేది ఎక్కడ? వాట్సాప్‌లో గులాబీ పువ్వు కిందా?

పదిమంది చాలు. పదకొండోవాడు వస్తే రెండో గ్రూపు పెట్టుకోమనండి.

రిటైర్డు_మాస్టారు
అమ్మా, మీ కామెంటు నాలుగుసార్లు చదివాను.

లంకరైతు
ఆలస్యానికి ఫైను అంటే మా లంకవాళ్లకి పడవ ఖర్చు కంటే అదే ఎక్కువైపోద్ది.

పీహెచ్‌సీ_సిస్టర్
నాది డ్యూటీలో చూసిన విషయం. బోదకాలు మాత్రలు పంచే రోజుల్లో ఇంటింటికీ తిరుగుతాం. డీఈసీ, ఆల్బెండజోల్, అన్నీ ప్రభుత్వం ఇచ్చేవే, జనం పైసా పెట్టక్కర్లేదు. అయినా సగం ఇళ్లలో "అక్కడ పెట్టండమ్మా, భోంచేసి వేసుకుంటాం" అంటారు, ఆ మాత్రలు దేవుడి పటం వెనక్కి పోతాయి, మళ్లీ ఏడాది వెళ్తే అక్కడే ఉంటాయి. ఆ ఊరివాడే ఒకడు పక్కన నిలబడి "ఏం బాబాయ్, నేను మింగాను కదా, మింగు" అంటే పని అయిపోతుంది. దానికి డబ్బు కాదు, నాలుగు రోజులు మనిషి కావాలి.

ఇప్పటికే కాలు వాచినవాళ్లకి మాత్రలతో వాపు తగ్గదు. వాళ్లు రోజూ సబ్బుతో కాలు కడుక్కుని, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకుని, పగుళ్లకి మందు రాసుకుంటే జ్వరంతో మంచాన పడటం చాలా తగ్గుతుంది. దానికి కావలసింది ఒక టబ్బు, మగ్గు, సబ్బు, మెత్తటి తుండు, ఆయింట్‌మెంటు. ఇవి అందరికీ అందవు. టబ్బు మీద ఎవరి పేరు రాసుకున్నా నాకభ్యంతరం లేదు, కువైట్ అన్నయ్య పేరైనా సరే.

కువైట్_కబుర్లు
టబ్బు అడుగున రాయించండి అక్కా, అమ్మ బోర్లించి చూస్తుంది.

నీలిగోదారి
నాకొక ఇబ్బంది ఉంది, కోపగించుకోకండి. అందరూ మన ఊరు మన మండలం అంటున్నారు. గౌతమి గారి స్లైడ్లలో అసలు మాటే అది కాదు కదా. ఎక్కడ ఎక్కువ అక్కరో అక్కడికి పోవాలన్నది మొదటి మాట. మనకి కాలవలున్నాయి, రోడ్లున్నాయి, ప్రతి ఇంటి నుంచీ ఒకడు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉన్నాడు. ఇదే గోదావరి ఎగువన, చింతూరు వైపు ఏజెన్సీలో మలేరియా ఉంది, సికిల్ సెల్ రక్తజబ్బు ఉంది, కాన్పుకి డోలీ కట్టి మోసుకొచ్చే దారులున్నాయి. మనం ఇచ్చే వెయ్యి రూపాయలు ఇక్కడ కంటే అక్కడ ఎక్కువ పని చేస్తాయి. మన ఊరు మనకి దగ్గర కాబట్టి ఇస్తున్నాం, అంతే.

పీహెచ్‌సీ_సిస్టర్
నేను అక్కడ రెండేళ్లు పనిచేశాను. అవసరం ఎక్కువే, మీ మాట నిజం. కానీ మేమున్నప్పుడు ఒక సంఘం వాళ్లు కార్లలో దోమతెరలు తెచ్చి పంచి ఫోటోలు దిగి వెళ్లారు, అంతకు ముందే ప్రభుత్వం మందు పూసిన తెరలు ఇచ్చి ఉంది. రెండో తెర కోడిపిల్లల గంప మీదికెక్కింది. దూరం నుంచి ఇచ్చేటప్పుడు, అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న వాళ్లని అడగకుండా ఇస్తే అంతే.

నీలిగోదారి
అంటే అడిగి ఇమ్మని అర్థం, ఇవ్వొద్దని కాదు కదా?

పీహెచ్‌సీ_సిస్టర్
అంతే. ఇవ్వొద్దనలేదు.

లంకరైతు
అడక్కుండా ఇవ్వడం అంటే మా లంకని అడగండి. 2022 జులై వరదకి ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇళ్లలోకి నీళ్లొచ్చి గట్టుకి చేరాం. మూడో రోజు నుంచి లారీల్లో పాత బట్టలు. పట్టు చీరలు, సగం జిప్పు ఊడిన ప్యాంట్లు, ఒక మూటలో పిల్లల ఫ్యాన్సీ డ్రెస్సు కృష్ణుడి కిరీటం. మాకు కావలసింది తాగే నీళ్లు, గేదెలకి ఎండుగడ్డి. గడ్డి తెచ్చినవాడు ఒక్కడే, మండపేట నుంచి ట్రాక్టరు వేసుకొచ్చాడు, పేరు కూడా చెప్పలేదు. గేదె అంటే మాకు నెల జీతమండి. అవి పోయుంటే కృష్ణుడి కిరీటం పెట్టుకుని ఏం చేస్తాం?

పులస_ప్రియుడు
ఆ కిరీటం ఏమైంది అన్నా?

లంకరైతు
మా మేనల్లుడు ఆ ఏడు కృష్ణాష్టమికి పెట్టుకున్నాడు.

లేసు_అల్లిక
నరసాపురం పక్కన మాది. మా అమ్మ పన్నెండేళ్ల వయసు నుంచి లేసు అల్లింది. నలభై నాలుగు, నలభై అయిదొచ్చేసరికి దారం కనపడక కుట్లు తప్పడం మొదలైంది, ఏజెంటు సరుకు వెనక్కి కొట్టాడు, "నా కళ్లు అయిపోయాయే" అని సూది పెట్టెలో పెట్టేసింది. రెండేళ్లు అలాగే ఉంది. అంతర్వేది తీర్థంలో నూట యాభై రూపాయలకి అద్దాలమ్మేవాడి దగ్గర సరదాగా ఒకటి పెట్టుకుని, నా చున్నీ అంచు పట్టుకుని చూసి, "ఓసినీ, పోగు పోగు కనపడుతోందే" అంది. ఆ వారమే సూది తీసింది. ఆ రెండేళ్లూ నేను ఇంట్లోనే ఉన్నాను, నాకూ తోచలేదు, అదే బాధ.

మా వీధిలోనే అలా సూది పక్కన పెట్టేసిన వాళ్లు పదకొండు మంది ఉన్నారు, ఇవాళ వేళ్లు మడిచి లెక్కపెట్టాను.

గౌతమి_గట్టు
మీ పోస్టు చూసి నా పాత స్లైడ్లు తీశాను, ఇందులోనే ఉంది, నేనే చెప్పకుండా దాటేశాను. అస్సాం టీ తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గరి చూపు అద్దాలిచ్చి చేసిన పరీక్ష, 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. అద్దాలివ్వని వాళ్లతో పోలిస్తే ఇచ్చినవాళ్లు కోసిన ఆకు సుమారు 22 శాతం ఎక్కువ.

భీమారం_బుల్లోడు
టీ ఆకు వేరు, లేసు వేరు.

లేసు_అల్లిక
అవునండీ, లేసుకి ఇంకా ఎక్కువ చూపు కావాలి.

పీహెచ్‌సీ_సిస్టర్
ఒక్క మాట. తీర్థంలో కొన్న అద్దాలతో అందరికీ సరిపోదు. శుక్లం ఉన్నవాళ్లూ ఉంటారు, షుగరున్న వాళ్లకి కంటి వెనక తేడా ఉండొచ్చు. ముందు కళ్లు పరీక్షించే ఒక ఆప్తాల్మిక్ అసిస్టెంటు చేత చూపించి, అద్దాలతో తేలేవాళ్లకి అద్దాలు, తేలని వాళ్లని ఆసుపత్రికి. శుక్లం ఆపరేషన్లు ఉచితంగా చేసే చోట్లు చాలానే ఉన్నాయి, ముసలావిణ్ణి బస్సెక్కించి తీసుకెళ్లి తీసుకొచ్చే మనిషే ఉండడు.

నీలిగోదారి
ఇది కూడా మన ఊరే. అయినా సరే, ఖర్చు తక్కువ, వెంటనే కూలి పెరుగుతుంది, ఇంకొకరు ఇస్తున్నది కాదు. నేనొప్పుకుంటాను. కాకపోతే ఇచ్చే ప్రతి వందలో ఇరవై ఏజెన్సీకి అని కూడా రాసుకోవాలి, లేకపోతే నేను చేరను.

రొయ్యల_చెరువు
చేరకముందే షరతులా! ఈయన గ్రూపులో ఉండాల్సిన మనిషే.

గౌతమి_గట్టు
సరే, ఇప్పటిదాకా నాకు అర్థమైనంతలో చేయబోయేది ఇది. హోటల్ హాలు మానేస్తున్నాం. వచ్చే నెల అయిదున మధ్యాహ్నం రెండింటికి లేసు_అల్లిక గారి అరుగు మీద, వాళ్లమ్మగారు ఒప్పుకుంటే. పుస్తకం నేను తెస్తాను, పోయిన ఏడాది లెక్క మొత్తం పైకి చదువుతాను, ఎక్కడ తేల్చుకోలేకపోయామో అది కూడా. లెక్కల_పిచ్చి గారు సొసైటీ కాగితాలు చూస్తారని ఆశ. మొదట ఆ పదకొండు మందికి కళ్లు చూపిస్తాం, మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి ఎవరు అల్లుతున్నారో, ఎవరి అద్దాలు పెట్టెలో ఉన్నాయో చూస్తాం. మాస్టారి మెంబ్రేను సంగతి కూడా పుస్తకంలో రాస్తాను, కానీ నెలనెలా నడిపేదెవరో తేలాకే డబ్బు. ఇరవై శాతం మాట అరుగు మీద తేల్చుకుందాం, నాకైతే పదిహేను అనిపిస్తోంది.

నీలిగోదారి
ఇరవై.

డ్వాక్రా_పుస్తకం
రెండంటే రెండింటికే. పది రూపాయలు చిల్లర తెచ్చుకోండి.

లేసు_అల్లిక
అమ్మ ఒప్పుకుంది. టీ వద్దంటోంది, తాటిబెల్లం పానకం ఇస్తుందట.

కువైట్_కబుర్లు
నా వంతు రెండు వేలు. ఫ్లెక్సీ వద్దు, ఆ పదకొండు మందిలో ఎవరైనా అల్లిన లేసు ముక్క ఒకటి అమ్మకి ఇవ్వండి చాలు. ఉత్తినే కాదు, దాని డబ్బులు నేనే ఇస్తాను.

లంకరైతు
నా వంద కాయలు ఎక్కడికి దింపాలో చెప్పలేదు. ఒలిచి పంపనా, డొక్కతోనా?

గౌతమి_గట్టు
ఒలిచిన కాయకీ ఒలవని కాయకీ ధరలో తేడా ఎంతుంటుందండీ?

లంకరైతు
అదిగో, మళ్లీ లెక్కలు. ఒలిచే పంపుతానులెండి, డొక్క మా పొయ్యిలోకి కావాలి.